మూడో తీగ కలపని బోర్డు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లను మా ఇంట్లో అందరికంటే ఎక్కువ ఏడిపించేది నేనే. మీటర్ పెట్టి చూడలేనిది నాకు లేనట్టే లెక్క. ఇది కూడా అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మార్కాపురంలో పలకల దుకాణం మీద గదిలో నేనూ, మా మేనమామ కొడుకు రమణా బోరు మోటార్లను నడిపే బోర్డులు తయారుచేసేవాళ్లం. బోర్డుకు కరెంటు రాగానే మొదట లేచే చిన్న ప్రోగ్రామ్‌ను బూట్‌లోడర్ అంటారు. అది మూడు సెకన్లు ఆగి, ఎవరైనా కీ నొక్కితే అక్కడే నిలబడుతుంది. లేకపోతే మోటారు నడిపే అసలు ప్రోగ్రామ్‌కు పని అప్పజెబుతుంది.

కొత్త బోర్డు పరీక్షించేటప్పుడు రమణ దాన్ని అక్కడ ఆపి, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘తిన్నావా బావా’ అని కొట్టేవాడు. అది బోర్డు దాకా వెళ్లి తిరిగొచ్చి నా స్క్రీన్ మీద కనపడితే ‘తిన్నాలేరా’ అనేవాణ్ణి. అదే మా పరీక్ష.

ఒకరోజు గిద్దలూరు డీలర్ ఫోన్ చేశాడు. “ఏంది నాయనా, మీ బోర్డే వేరే కంపెనీ పేరుతో వచ్చింది. తెచ్చినోడు మీ రమణే.”

ఆరేళ్లు మా అమ్మ చేతి అన్నం తిన్నవాడు. ఊరికి పోయొస్తానని చెప్పి, మా ప్రోగ్రామంతా పట్టుకుపోయాడు. అమ్మ రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

వాడు రాసిన ఒక్క లైను కూడా ఉంచకూడదనుకున్నాను. వేరే చిప్ తెప్పించి, బూట్‌లోడర్ మొదటి నుంచీ నేనే రాశాను. ఆగే సెకన్లు సున్నా పెట్టాను.

మొదటి బోర్డు చూడడానికి డీలర్ మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. మోటారు తిరగకపోతే రమణ బోర్డులే తీసుకుంటానని ముందే చెప్పాడు. అదే జరిగితే నేను గది ఖాళీ చేయాల్సిందే.

కరెంటు ఇచ్చాను. మోటారు కదల్లేదు. స్క్రీన్ మీద ఒకే లైను: తిన్నావా బావా.

వేరే పరికరం తగిలించి చిప్‌లోది చెరిపి, ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించి, దాన్ని తీసేశాను. అదే లైను. అప్పుడు తీగలు చూశాను. గ్రౌండ్ తీగ, బోర్డు నుంచి కంప్యూటర్‌కు వచ్చే తీగ మాత్రమే కలిపి ఉన్నాయి. కంప్యూటర్ నుంచి బోర్డుకు వెళ్లే మూడో తీగ ఇంకా చుట్టలోనే ఉంది. ఏ కీ నొక్కినా బోర్డుకు చేరే దారి లేదు.

డీలర్ వాచీ చూసుకుంటున్నాడు. ఏం చేయాలో తోచక, ఏడుపూ కోపమూ కలిసి వచ్చి, “తిన్నాలేరా” అన్నాను.

మోటారు తిరిగింది.

“ఎవరితో నాయనా మాట్లాడతా ఉండావు?” అన్నాడు డీలర్. ఆర్డర్ మాత్రం ఇచ్చి పోయాడు.

తర్వాత ఆ చిప్‌లో ఉన్నదంతా బయటికి తీసి చదివాను. నాకంటే తెలిసిన ఇంకొకరితోనూ చదివించాను. ఆ మాట ఎక్కడా లేదు. మిగతా బోర్డులేవీ అలా అడగలేదు. అది ఎలా వచ్చిందో ఈరోజుకీ నాకు తెలియదు.

రమణ మళ్లీ ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. నిజానికి ఆ రోజు నేను పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు.