తాళం చుట్టూ గీతలు

1962 మే 11, శుక్రవారం, ఉదయం ఏడున్నర. పూజకు వెండి కుందులు తీయడానికి మా అత్తగారు టేకు భోషాణం ముందు కూర్చున్నారు. తాళంచెవి దూరే కన్నం చుట్టూ చూపుడువేలితో తడిమి, "దీన్ని ఎవరో తెరవబోయారు" అన్నారు.

అప్పుడు నూజివీడులోని ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురం. ఆవిడ, మామిడి వ్యాపారం చేసే మావగారు, నేను. కాయ కోతలని మా ఆయన మకాం రెడ్డిగూడెం తోటల్లోనే. నేను కాపురానికి వచ్చి పది నెలలైంది. ఆ ఎవరో ఎవరన్నది విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

గీతలున్న మాట నిజమే. ఇనప మొన ఏదో జారినట్టు సన్నగా ఉన్నాయి. ఒకచోట పెచ్చు లేచి లోపలి చెక్క తెల్లగా కనబడుతోంది. ఆవిడ భోషాణం తెరిచి వెండి సామానంతా లెక్క చూసుకున్నారు. ఏదీ తగ్గలేదు.

"ఈసారికి కుదరలేదన్నమాట. ఇంకోసారి నా వేలికి గీత తగిలిందంటే మీ నాన్నగారికి కబురు పెడతాను. వచ్చి నిన్ను తీసుకెళ్తారు" అన్నారు. గొంతు పెంచలేదు.

రెండు రోజుల తర్వాత చూస్తే గీతలు లేవు. పెచ్చు లేచినచోట టేకు రంగులోనే ఏదో పూడ్చి, నున్నగా రుద్ది ఉంది. నాకు భయం వేసింది. తప్పు చేసినవాళ్లే గదా జాడ కప్పెట్టేది. ఇది ఆవిడ కంటబడితే అదీ నా పనే అంటారు. ఆ వారం మావగారి బొటనవేలి గోట్లో మైనం కనబడింది. మైనం కరిగించి, టేకు పొట్టు, కావి కలిపి కుర్చీల పగుళ్లు పూడ్చడం ఆయనకు అలవాటే. అయితే భోషాణం తెరవబోయింది ఆయనేనా? భార్యకు తెలియకుండా వెండితో ఆయనకేం పని? అడగలేకపోయాను. ఆయన్నీ ఓ కంట కనిపెడుతూ ఉన్నాను.

తరవాతి శుక్రవారాలు కూడా అంతే. పూజయ్యాక కొత్త గీతలుండేవి, మళ్లీ శుక్రవారం వచ్చేలోగా మాయమయ్యేవి.

జూన్ 8న సంగతి తెలిసింది. కాయ ఎగుమతి ముమ్మరంగా ఉంది. మావగారికి మైనం కరిగించే తీరిక దొరకలేదేమో, రైలు పార్సిళ్లకు సీలు వేసే లక్క అద్ది వెళ్లిపోయారు. కన్నం పక్కన కుంకుమబొట్టంత ఎర్రగా ఉంది. అత్తగారు వేలు పెట్టి తడిమారు. "ఈ వారం ఎవరూ ముట్టుకోలేదు" అన్నారు. తర్వాత తాళంచెవి పెట్టబోతే అది కన్నంలోకి పోకుండా చెక్క మీద గీత పెడుతూ జారింది. మళ్లీ పెట్టారు, మళ్లీ జారింది. మూడోసారికి దూరింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మావగారిని అడిగాను. ఆయన విస్తట్లోంచి తలెత్తకుండానే చెప్పారు. చూపు తగ్గిందని తెలిస్తే తాళాలు కోడలికి అప్పగించాల్సి వస్తుందని ఆవిడ బెంగట. "కాయ అయిపోనివ్వమ్మా. బెజవాడ తీసుకెళ్లి చూపిస్తాను. అందాకా ఊరుకో" అన్నారు.

"అందాకా దొంగను నేనేనా మావయ్యగారూ?"

ఆయన మజ్జిగ పోయించుకోకుండానే లేచారు.

సాయంత్రం కుందులు లోపల పెట్టేటప్పుడు నేనే అత్తగారి వేలు పట్టుకుని ఆ మచ్చ మీద ఉంచాను. "ఇది ఏ రంగో చెప్పండి అత్తయ్యగారూ."

"టేకు చెక్క ఏ రంగుంటుందో ఆ రంగే. కొత్తగా అడుగుతావేంటి?"

"ఎర్రగా ఉందండీ. సీలు లక్క."

ఆవిడ ఆ మచ్చను గోటితో గీరి చూశారు. "ఆయనేనా?" అన్నారు. అవునన్నాను. కొంగు కొసన ఉన్న తాళాలగుత్తిని గుప్పిట్లోకి తీసుకున్నారు. "ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. ఇవి మాత్రం అడక్కు."

ఆ సోమవారమే బెజవాడ ప్రయాణం. డాక్టరుగారు కుడికన్ను చూసి, ఆలస్యం చేశారన్నారు. ఎడమ కంటికి ఆపరేషను చేశారు. సోడాబుడ్డి కళ్లద్దాలు వచ్చాయి. ఆ అద్దాలు పెట్టుకుని కూడా, పోయేదాకా ప్రతి శుక్రవారం తాళం చుట్టూ వేలితో తడిమాకే తెరిచేవారు. అప్పుడు నేను గదిలో ఉంటే, ఒకసారి నా వైపు తిరిగేవారు.

పోయినవి: అత్తగారి కుడికన్ను చూపు పూర్తిగా, ఎడమది సగం. బెజవాడ తిరుగుళ్లలో ఆ ఏటి ఆఖరి కోత. నా మీద ఆవిడకు ఉండాల్సిన నమ్మకం. భోషాణంలోంచి చెంచా కూడా పోలేదు.