పిల్ల లైను

ఆ రోజుల్లో నా బతుకు మూడు ఊళ్ళ మధ్య నలిగింది. అమ్మగారిల్లు జనగామ, నా ఉద్యోగం మానుకోట, మా ఆయన బొగ్గుబాయి పని భూపాలపల్లి. వారమంతా అమ్మ దగ్గరుండి రైల్లో మానుకోటకు తిరిగేదాన్ని. భూపాలపల్లికి రైలు లేదు కాబట్టి, సెలవు దొరికినప్పుడు మొగుణ్ణి చూడాలంటే బస్సులో నడుము విరగ్గొట్టుకోవాల్సిందే. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉన్న ఊరిని మేం మానుకోట అనే అంటాం. అక్కడ రైసుమిల్లుల వాళ్ళూ మిర్చి వ్యాపారులూ కలిసి పెట్టుకున్న ఒక సంఘంలో నేను గుమాస్తాను. ఆ ఆఫీసులో ఇంగ్లీషు దరఖాస్తు రాయడం వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే కావడం నేను చేసుకున్న పాపం.

మా సంఘానికి ఒక సైడింగు కావాలి. అంటే పెద్ద రైలు పట్టాల నుంచి పక్కకు చీలి, మా గోదాముల దాకా వచ్చే చిన్న పట్టాలు. అది ఉంటే బియ్యం, మిర్చి బస్తాలు లారీలెక్కకుండా నేరుగా వ్యాగన్లలోకి పోతాయి. అంత ఖర్చు సంఘం ఒక్కటే పెట్టుకోలేదు, సర్కారు సాయం కావాలి. దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని మా అధ్యక్షుడు ఎక్కడో విని వచ్చాడు. ఆయన మిల్లు యజమాని, మంచివాడే, కానీ విన్నదల్లా రేపే అయిపోతుందని నమ్మే రకం. ఆ నమ్మకానికి కాళ్ళు నావి.

లైను పడాల్సిన చోట తండా రైతు ఒకాయనకు చెలక ఉంది. ఉన్న భూమిలో మంచిది అదే, బావి పారకం కింద మిర్చి బాగా పండేది. దాన్ని ఇయ్యడానికి ఆయన ఒక్క మాటకే ఒప్పుకున్నాడు. లైను వస్తే బస్తాలు ఎత్తి దింపే హమాలీ పని తండా వాళ్ళకే ఇవ్వాలన్నది ఒప్పందం. ఎండాకాలం వచ్చిందంటే తండాలో సగం మంది హైదరాబాదులో బిల్డింగుల పనికి పోయి రేకుల కింద బతికేవారు. ఆయనా, ఆయన భార్యా కూడా పోయేవారు. ఇంటి దగ్గరే పని దొరకాలన్నది ఆయన ఆశ. సైడింగు అనే మాట ఆయనకు నోరు తిరగలేదు. పెద్ద కాలువకు పిల్ల కాలువ ఉన్నట్టే ఇదీ అనుకుని, పిల్ల లైను అని పేరు పెట్టేశాడు. కొన్నాళ్ళకు మా అధ్యక్షుడూ అదే అనడం మొదలుపెట్టాడు.

స్థలం చూడడానికి మొదటిసారి వచ్చిన అధికారి చెలక గట్టు మీద నిలబడి ఒక సలహా ఇచ్చాడు. పంట ఉన్న భూమి అని రాస్తే పంట నష్టం లెక్కగట్టాలి, దానికి మళ్ళీ వేరే ఆఫీసు తిరగాలి. ఖాళీ భూమి అని రాస్తే పని సులువు. మళ్ళీ చూడ్డానికి వచ్చేదాకా ఖాళీగా ఉంచితే మంచిదన్నాడు. ఆ మాట ఆయన మరుసటి రోజుకు మరిచిపోయి ఉంటాడు. నేను తండా అన్న అని పిలిచే ఆ రైతు మాత్రం దాన్ని గట్టిగా పట్టుకుని, విత్తనం వెయ్యడం మానేశాడు.

ఇక నా తిరుగుడు మొదలైంది. సర్కారు సాయం మంజూరైన కాగితం తెస్తే లైనుకు ఒప్పుకుంటామని ఒక ఆఫీసు అంటుంది. లైనుకు ఒప్పుకున్న కాగితం తెస్తే సాయం మంజూరు చేస్తామని ఇంకో ఆఫీసు అంటుంది. రెండూ హైదరాబాదులోనే. నేను మాత్రం జనగామ స్టేషన్‌లో పొద్దున్నే నిలబడి, ఏ ఆఫీసుకు ముందు పోవాలో తేల్చుకోలేక తల పట్టుకునేదాన్ని. ఒకసారి "గిదెప్పుడైతది సార్" అని అడిగితే, కుర్చీలో ఉన్నాయన పక్కాయన వైపు చూసి నవ్వాడు. "గిదెప్పుడైతది" అని నా గొంతుతోనే ఒకసారి అని చూపించాడు. ఒళ్ళు మండింది. కానీ ఫైలు ఆయన చేతుల్లో ఉంది, నోరు మూసుకుని వచ్చేశాను.

అప్పటికే ఉద్యమం ఊపందుకుంది. బండ్ల నంబరు ప్లేట్ల మీదా, దుకాణాల బోర్డుల మీదా ఆంధ్రప్రదేశ్ అన్న పేరు కొట్టేసి తెలంగాణ అని రాసుకుంటున్నారు. మా అధ్యక్షుడు ఒక అడుగు ముందుకేసి సంఘానికి కొత్త రబ్బరు ముద్ర చేయించాడు. అందులో ఊరి పేరు, పక్కన తెలంగాణ రాష్ట్రం అని ఉంది. దరఖాస్తులో ప్రతి పేజీ మీదా తన చేత్తోనే ఆ ముద్ర గుద్దాడు. కొన్నాళ్ళకు మొత్తం కట్ట తిరిగొచ్చింది. ఈ పేరుతో రాష్ట్రం ఏదీ లేదు, సరిచేసి పంపండి అని పైన రాశారు.

"లేకుంటే తెచ్చుకుంటం," అన్నాడు అధ్యక్షుడు.

"తెచ్చుకుందాం అన్నా. అప్పటిదాంక పాత ముద్ర గుద్దుదాం," అన్నాను.

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత కొత్త ముద్రను టేబుల్ సొరుగులో పడేసి, ఇష్టం లేకుండానే సంతకాలు పెట్టాడు. నేను కట్టంతా మళ్ళీ టైపు చేశాను.

అది ఎక్కడెక్కడో తిరిగి, చివరికి అధికారి రెండోసారి చూడడానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన రైల్లో వచ్చే రోజు పొద్దున్నే మానుకోటలో రైళ్ళు ఆపాలని పిలుపొచ్చింది. ఆఫీసు తెరిచి చూస్తే ఒక్కరూ లేరు. అందరూ పట్టాల మీద ఉన్నారు. అధ్యక్షుడు మెడలో గులాబీ కండువాతో ముందు వరసలో కూర్చున్నాడు. తండా అన్న ఆయన పక్కనే ఉన్నాడు. అక్కణ్ణుంచి చూస్తే పంట లేక పడావు పడ్డ తండా అన్న చెలక కనిపిస్తుంది. నేనూ వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను, అందులో నాకు రెండో ఆలోచన లేదు.

అధికారి రైలు కేసముద్రంలో ఆగిపోయింది. ఆయన అధ్యక్షుడికి ఫోన్ చేశాడు. మా అధ్యక్షుడు ఫోన్ పెద్దగా వినిపించేలా పెట్టాడు కాబట్టి మాకందరికీ వినపడింది.

"మీకు పట్టాలు కావాలా, పట్టాల మీద కూర్చోవడం కావాలా?"

"రెండు కావాలె సార్," అన్నాడు మా అధ్యక్షుడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అధికారి సాయంత్రం దాకా కేసముద్రంలో ఉండి వెనక్కి పోయాడు. ఆ నవ్వుకు మేం కట్టిన మూల్యం తండా అన్న చెలకలో ఇంకో వానాకాలం పంట.

సకల జనుల సమ్మెలో ఆఫీసులే మూతపడ్డాయి. భూపాలపల్లిలో బాయి ఆగింది, మా ఆయన ఇంట్లో కూర్చున్నాడు. ఫైలు ఏ బీరువాలో ఉందో అడగడానికి కూడా మనిషి లేడు. ప్రతి ఏడూ తొలకరికి తండా అన్న మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఒకటే అడిగేవాడు.

"చెల్లె, ఈ ఏడు ఇత్తనం ఎయ్యాల్నా, ఆగాల్నా?"

ఎయ్యమని నేనే చెప్పేదాన్ని. గట్టిగానే చెప్పేదాన్ని. లైను కల్ల, కడుపు నిజం అని కోపంగా కూడా అన్నానొకసారి. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. "రాష్ట్రమొస్తే అన్నీ అయితయి. గంతదాంక ఆగిన, జర ఆగలేనా" అనేవాడు. అని ఎండాకాలం రాగానే భార్యను తీసుకుని హైదరాబాదు కట్టుడు పనికి బస్సెక్కేవాడు. ఆయన్ని చూస్తే నాకు జాలి కంటే విసుగే ఎక్కువ వచ్చేది. ఆ చెలకలో గడ్డి నా నడుము ఎత్తు పెరిగింది.

చివరికి రాష్ట్రం వచ్చింది. ఆ రోజు మానుకోటలో నేనూ ఏడ్చాను, దాచుకోవడానికి ఏమీ లేదు. కొన్నాళ్ళకు మా ఫైలూ వచ్చింది. దరఖాస్తు పాత రాష్ట్రం పేరున ఉంది, కొత్త ప్రభుత్వం పేరున మళ్ళీ మొదటి నుంచి పెట్టుకోవాలని రాశారు. అధ్యక్షుడు అది చదివి కట్టను పక్కకు నెట్టాడు. తర్వాత సొరుగు లాగి, అప్పటి రబ్బరు ముద్ర తీసి నా ముందు పెట్టాడు. రబ్బరు ఎండి బీటలు వారింది. ఇంకు ఎంత పోసినా సగం అక్షరాలే పడ్డాయి.

అయినా నాకు మొదటిసారి ఆశ పుట్టింది. ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ళు మావాళ్ళు, నా మాట విని నవ్వరు. కొత్త దరఖాస్తు టైపు చేసుకుని, తండా అన్న ఒప్పుకోలు వేలిముద్ర కోసం నేనే నడిచి వెళ్ళాను.

చెలక నిండా మిర్చి తోట. గడ్డి ఆనవాలు కూడా లేదు. చెట్లకు పచ్చికాయలు వేలాడుతున్నాయి. ఆయనా భార్యా సాళ్ళలో నీళ్ళు మళ్ళిస్తూ, వాళ్ళ తండా భాషలో ఏదో అనుకుంటున్నారు. నన్ను చూసి ఆయన పార పక్కన పెట్టాడు.

"అన్నా, ఇప్పుడు సర్కారు మనదే. ఈసారి పనైతది," అన్నాను.

"అయితే మంచిదే చెల్లె. కూసో, నీళ్ళు తాగు."

"మరి పంటేసినవ్. ఖాళీ భూమి అని రాయాలె గదా."

ఆయన గట్టు మీద కూర్చుని కాళ్ళకంటిన బురద తుడుచుకున్నాడు. "రాష్ట్రం కోసం పట్టాల మీద కూసున్న, అది వచ్చింది. పిల్ల లైను కోసం చెలక పడావు పెట్టిన, అది రాలే. ఎదురుచూసుడు గీడికి చాలు చెల్లె. ఉన్నది ఉన్నట్టు రాయి, ఏలిముద్ర ఏస్త."

ఇన్నేళ్ళూ నేను చెప్పింది అదే, ఇప్పుడు ఆయనే అంటున్నాడు. భూమి ఇప్పుడెట్లా ఉంది అన్న చోట మిర్చి తోట అని రాశాను. ఆ ముక్కతో కట్ట మళ్ళీ తిరిగొస్తుందని నాకు తెలుసు. ఏం రాశానో చదివి వినిపిస్తే ఆయన నవ్వి, వేలిముద్ర వేశాడు.

ఆయన భార్య కొంగులో పచ్చిమిర్చి తెచ్చి నా సంచిలో, కాగితాల మీదనే పోసింది. ఈ ఎండాకాలం హైదరాబాదు పోతున్నరా అని అడిగాను.

"కాయ ఎవరు తెంపుతరు?" అంది.