మిరపకొట్టు వారి పత్రిక

తండ్రి వదిలిపోయిన మిరపకాయల కొట్లు బాబాయి చలమయ్యకు అప్పగించి, సామ్రాజ్యమ్మ గుంటూరులో వారపత్రిక పెట్టింది. ఆస్తి ఉన్నవాళ్ళు గుళ్ళు కట్టిస్తారు, కోర్టుకెక్కుతారు. చేతులకు సిరా పూసుకునేవాళ్ళు ఏ దేశంలోనైనా అరుదే. ఎండుమిరపకాయను చెవి దగ్గర ఆడించి గింజల గలగల విన్నట్టే, అచ్చయిన తొలి కాగితాన్నీ ఆడించి వినేది. మెత్తబడి చప్పుడు చెయ్యకపోతే పక్కన పెట్టేది.

తూకం పెరగడానికి కాయల మీద నీళ్ళు చల్లే కొట్ల పేర్లు ఓ వారం అచ్చుకిచ్చింది. మొదటి పేరు సొంత కొట్టుదే.

"మన పేరు తీసెయ్యవే, పరువు పోద్ది!" అన్నాడు చలమయ్య.

"మనది తీస్తే అందరివీ తియ్యాలి బాబాయ్. నీళ్ళు చల్లడం మానెయ్, వచ్చేవారం అదీ వేస్తా."

పత్రిక బజార్లోకి రాగానే ఆయన మనుషులు ప్రతులన్నీ కొనేశారు. ప్రెస్సు చూసే ఖాదర్ వలి లబోదిబోమంటూ వచ్చాడు.

"అమ్మగారూ, ఊళ్ళో ఒక్క కాపీ లేదండీ!"

సామ్రాజ్యమ్మ మొహం విప్పారింది. "మన పత్రిక మొత్తం అమ్ముడుపోవడం ఇదే మొదలు. మళ్ళీ అచ్చెయ్యి ఖాదరూ. బాబాయికి ఓపికున్నంతసేపూ వేద్దాం."

మధ్యాహ్నానికి చలమయ్యే అలిసిపోయాడు. ఆవిడ మాత్రం కొత్త కాగితాన్ని చెవి దగ్గర ఆడించుకుంటూ కూర్చుంది.