ఎడమవైపు మెట్టు

మా చిన్నబాపు పోయాడన్న కబురు జనగామలో పొద్దున దీపం పెడుతుండగా అందింది. చేతిలోని వత్తి చేతిలోనే ఉండిపోయింది. ఆయన మా నాయిన తమ్ముడు. మహబూబాబాద్ దగ్గరి గూడూరులో మా పుట్టింటి పక్కిల్లే ఆయనది. నాకు రాసే అలవాటు లేదు. పదో తరగతితో చదువు ఆగాక రామకోటి తప్ప మరేమీ రాయలేదు. కానీ ఆయన దహనానికి వచ్చినవాళ్లు పందిరి కింద కూర్చుని, "మంచోడే గని బండి పిచ్చి. జీపును ఏనుగును చేసిండు" అని నవ్వుకోవడం విన్నాను. ఆ జీపు అంత ఎత్తు ఎందుకు పెరిగిందో మొత్తం తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే. అందుకే యాభై ఏళ్ల వయసులో కలం పట్టాను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడు అది, వానాకాలం. బస్సులు ఎప్పుడు తిరుగుతాయో, ఎప్పుడు ఆగిపోతాయో తెలిసేది కాదు. మిరప చేలో కలుపు తీస్తుండగా చిన్నబాపు భార్యను, మా చిన్నమ్మను, పాము కరిచింది. ఊళ్లో ఉన్న బండి చిన్నబాపు పాత జీపు ఒక్కటే. మిలిటరీ వాళ్లు వాడి అమ్మేస్తే కొన్నాడు. చిన్నమ్మ పొట్టి మనిషి. జీపు మామూలు ఎత్తులో ఉన్నప్పుడే, "నీ బండెక్కాలంటే నిచ్చెన తేవాలె" అని ఆయన్ను ఆటపట్టించేది. ఆ రోజు ఆయనే ఆమెను ఎత్తి ఎడమ సీట్లో కూర్చోబెట్టాడు. వెనక నేనెక్కాను.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. అక్కడి దవాఖానకు పోవాలంటే వాగు దాటాలి. వాగు నిండుగా పారుతోంది. "గట్టిగ పట్టుకో" అన్నాడు చిన్నబాపు. "పట్టుకున్న" అంది చిన్నమ్మ. నడి వాగులో ఫ్యాను రెక్కలు నీళ్లను ఇంజన్ మీదికి చిమ్మాయి. జీపు ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. మనుషులొచ్చి తాళ్లతో జీపును ఒడ్డుకు లాగేసరికి ఆమెలో ప్రాణం లేదు, చేతులు మాత్రం సీటు ముందరి కడ్డీని పట్టుకునే ఉన్నాయి.

అస్థికలు కాళేశ్వరంలో కలిపి తిరిగి వస్తూ భూపాలపల్లి దగ్గర వాగు ఒడ్డున చిన్నబాపు జీపు ఆపాడు. వెనక నేనూ, ఒళ్లో నిద్రపోతున్న వాళ్ల చిన్న కొడుకూ. అడవి నుంచి కలప మోసే ఎత్తయిన లారీ ఒకటి మనిషి నడుము లోతు నీళ్లలోంచి నింపాదిగా నడిచి వచ్చింది. చిన్నబాపు దిగిపోయి దాని చక్రాల పక్కన నిలబడ్డాడు. టైరు మీద చెయ్యి పెట్టి, దాని ఎత్తును తన ఒంటితో కొలుచుకున్నాడు. మళ్లీ వచ్చి కూర్చుని జీపు కదిలించాడు.

ఆ నెలలోనే జీపును మానుకోటలో బండ్లు బాగుచేసే మిస్త్రీ దగ్గరికి తోలుకుపోయాడు. మిస్త్రీకి అది నచ్చలేదు.

"పటేల్ సాబ్, ఎత్తు పెరిగితే పరేషానే. మలుపు కాడ పల్టీ కొడ్తది. పెద్ద టైర్లకు బ్రేకు గూడ సక్కగ పట్టది."

"మలుపు కాడ మెల్లగ పోత. వాగుల ఆగొద్దు, గంతే."

చక్రాల మీద బరువు మోసే స్ప్రింగు కమాన్లకు ఇంకొన్ని పట్టీలు చేర్చారు. ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టి పొడవాటి బోల్టులతో బిగించారు. కొత్త టైర్లు రాసుకుంటున్నాయని మడ్‌గార్డులు కోసేశారు. బ్రేకు గొట్టాలు అందకపోతే పొడుగువి వేశారు. పొగ గొట్టాన్ని పైకి లేపారు. ఇంటికి వచ్చిన జీపును చూసి ఊరు ఊరంతా నవ్వింది. "అంబారీ ఏది పటేలా?" అని ఒకరు, "మావటోడు గావాల్నా?" అని ఒకరు. ఆయన కూడా నవ్వేవాడు. వాన వెలిసిన ప్రతిసారీ వాగు దాటి వచ్చి, తలుపు మీద నీటి గుర్తు ఎంత వరకు వచ్చిందో వేలితో తడిమి చూసుకునేవాడు. మరుసటి వానాకాలానికి ఇంకో పట్టీ చేరేది.

చివరికి ఆయనే ఎగిరి ఎక్కాల్సినంత ఎత్తయింది. అప్పుడు చేయించాడు ఈ మెట్టు. ఎడమవైపు తలుపు కింద రెండు కడ్డీలు వేలాడదీసి, వాటికి గీతల రేకు అతికించారు. పొట్టి మనిషి కాలు సులువుగా అందే ఎత్తులో. అది ఎవరి కాలో నేను అడగలేదు.

నా పెళ్లయ్యాక ఒక శ్రావణంలో పుట్టింటికి వెళ్లినప్పుడు శుక్రవారం గడపకు పసుపు రాస్తుంటే, "బిడ్డా, గా మెట్టుకు గూడ జర రాయి" అన్నాడు. రాసి బొట్లు పెట్టాను. ఇక నేను అక్కడున్న ప్రతి శుక్రవారం అది నా పనే అయింది. గడప తొక్కకూడదు గదా, ఆ మెట్టూ అంతే. ఎంత పెద్దమనిషి వచ్చినా వెనకనుంచే ఎక్కాలి. ఒకసారి ఒక నాయకుడు అలా ఎక్కబోయి ధోవతి చింపుకున్నాడు. "గీ మెట్టెందుకు పెట్టినవయ్యా మరి?" అని కసిరితే చిన్నబాపు ఆయనకు చెయ్యి అందించి వెనకకే ఎక్కించాడు. ఎడమ సీటు ఎప్పుడూ ఖాళీ.

ఒకసారి వెనక కూర్చుని వాగు దాటుతున్నాను. "గట్టిగ పట్టుకో" అన్నాడు.

"పట్టుకున్న చిన్నబాపు" అన్నాను.

ఆయన వెనక్కి తిరగకుండానే, "నిన్ను గాదు బిడ్డా" అన్నాడు.

ఆంజనేయ దండకం చదువుకుంటూ కూర్చున్నాను.

ఎనభయ్యో దశకం మొదట్లో ఒక శ్రావణ శుక్రవారం. వాన పట్టుకుంది. మధ్యాహ్నం వేళ తండా నుంచి ఒక తల్లి, నొప్పులు పడుతున్న కూతుర్ని నడిపించుకుంటూ వచ్చింది. కాన్పు అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. వాగు పొంగి బస్సు రాలేదు.

"పటేలా, నా బిడ్డను మానుకోట చేర్చు. నీ కాళ్లు మొక్కుత."

వెనకనుంచి ఎక్కించబోయాం. అంత ఎత్తుకు పిల్లను లేపలేకపోయాం. పట్టుకుంటే చాలు కేకలు పెడుతోంది. ఎవరి కోసం జీపును అంత ఎత్తు చేశాడో, అలాంటి ఆడమనిషే ఎక్కలేనంత ఎత్తయిందది. ఇక మిగిలింది మెట్టొక్కటే. తల్లి పిల్లను అటు తిప్పింది. పొద్దున నేను రాసిన పసుపూ బొట్లూ చూసి టక్కున ఆగింది.

"అమ్మో, దేవుని గడప తీర్గ ఉన్నది. కాలెట్ల పెడ్తం?"

చిన్నబాపు వానలో నిలబడి మెట్టునే చూస్తున్నాడు. ఆయన కాదంటే ఆ పిల్ల మా వాకిట్లోనే పోతుంది. నేను లోపలే అమ్మవారిని తలుచుకున్నాను. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, వంగి, బొట్లను తనే తుడిచాడు.

"పెట్టు బిడ్డా. గది కాలు పెట్టేటందుకే చేసిన."

ఆ పిల్ల కాలు పెట్టింది. ఎడమ సీట్లో కూర్చుంది. తల్లీ నేనూ వెనక ఎక్కాం. వాగు ఒడ్డున చిన్నబాపు ఎప్పటిలాగే దిగి, నీళ్లు ఇంజన్ మీదికి చిమ్మకుండా ఫ్యాను బెల్టు విప్పి వచ్చాడు. ఫోర్ వీల్ గేరు వేశాడు. నీళ్లు పెద్ద టైర్లను ముంచి, మెట్టును ముంచి, తలుపు దాకా వచ్చాయి.

"గట్టిగ పట్టుకో" అన్నాడు.

"పట్టుకున్న."

ఎడమ సీటు వైపు నుంచి మెల్లగా, స్పష్టంగా వినిపించింది. జీపు ఆగలేదు. ఒడ్డెక్కాక నేను ముందుకు వంగి చూశాను. ఆ పిల్ల నొప్పికి ఓర్చుకోవడానికి కొంగు మడిచి పళ్ల మధ్య బిగించి ఉంది. వాగులోకి దిగకముందే, తల్లి చెప్తే అలా బిగించింది. మళ్లీ తీయలేదు.

మానుకోటలో బిడ్డా తల్లీ దక్కారు. దవాఖాన వరండాలో చిన్నబాపు నా పక్కన కూర్చున్నాడు.

"విన్నవా బిడ్డా?"

"విన్న చిన్నబాపు."

"సరే" అన్నాడు. నేను విన్నది దేవుడికే విన్నవించుకున్నాను తప్ప ఇన్నేళ్లూ ఎవరితోనూ అనలేదు.

ఆ రోజు నుంచి మెట్టుకు పసుపు వద్దన్నాడు. చుట్టుపక్కల తండాల నుంచి ఎందరు ఆడవాళ్లు దాని మీద కాలు పెట్టి ఎక్కారో, రేకు మీది గీతలు అరిగి నున్నబడ్డాయి. ఆయన మళ్లీ ఏ పట్టీ వేయించలేదు. వాగు దగ్గర ఆ మాట అనడమూ మానేశాడు.

మొన్న ఆయన అస్థికలు కాళేశ్వరం తీసుకుపోవడానికి తమ్ముడు, అంటే ఆనాడు నా ఒళ్లో నిద్రపోయిన ఆయన కొడుకు, ఆ జీపే బయటికి తీశాడు. బయల్దేరే ముందు ఎవరూ చెప్పకుండానే నేను మెట్టుకు పసుపు రాశాను. అస్థికల కుండను తెల్లగుడ్డలో కట్టి ఎడమ సీట్లో పెట్టాం. వాన వెలిసి ఎక్కువసేపు కాలేదు. తోవలో ఒక వాగు అడ్డం వచ్చింది. తమ్ముడు దిగి బెల్టు విప్పాడు, గేరు మార్చాడు. వాడికి ఈ కథ తెలియదు. అయినా చక్రాలు నీళ్లలోకి దిగుతుండగా, కుండ వైపు ఒకసారి చూసి, "గట్టిగ పట్టుకో బాపు" అన్నాడు.

నేను ఊపిరి బిగబట్టి విన్నాను. నీళ్ల చప్పుడొక్కటే. తల వంచి కిందికి చూస్తే, మునిగిన మెట్టు నుంచి పసుపు విడిపోయి, సన్నటి దారంలా సాగి, ప్రవాహంతో వెళ్లిపోతోంది.

నా తర్వాత ఈ కాగితాలు మా దేవుని అర్రలో చిన్నమ్మ ఫోటో వెనక ఉంచండి. పారేయకండి. ఎవరికీ చూపకండి.