తిట్టకుండా ఏదీ కొనని మా అత్త

మా అత్త పోయింది. నిద్రలోనే పోయింది. పెద్దాసుపత్రికి పరుగెత్తే పని కూడా మాకు పెట్టలేదు. కబురు తెలిసి వచ్చినవాళ్ళు వరండాలో బల్ల మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, "శాంతమూర్తి", "ఎవర్నీ పల్లెత్తు మాట అనెరగదు", "అలాంటి మనుషులు ఇక పుట్టరు" అని మొదలుపెట్టారు. అప్పటిదాకా వస్తున్న ఏడుపు కాస్తా నాకు ఠక్కున ఆగిపోయింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అని పెద్దలు ఊరికే అన్నారా! ఇన్నేళ్ళు ఆమెతో ఒకే కప్పు కింద కాపురం చేసిన కోడల్ని నేను. మా అత్త శాంతమూర్తి ఏమిటి? ఆమె నోటికి జడిసి బజారులో తక్కెళ్ళు వణికేవి. ఆమెను ఎరిగినవాళ్ళు ఒక్కరైనా ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే పోయిన మనిషికి మర్యాద కాదు కనుక ఇది రాస్తున్నాను.

మా ఆయనకి పోర్టులో ఉద్యోగం. డెబ్భైల మొదట్లో మామ పోయాక, భీమిలి అవతల పల్లెలో ఉన్న కాస్త భూమినీ పాలికిచ్చేసి, అత్త అల్లిపురంలో మా అద్దెవాటాకి వచ్చేసింది. వచ్చిన మర్నాడు మా ఆయన పాత ఖాకీ ప్యాంటు అడిగి తీసుకుని, కాళ్ళు కత్తిరించి, సంచి కుట్టింది. కుట్టి భుజాన వేసుకుని, "బజారెటు?" అంది. అంతే. ఆ పూట నుంచి మా ఇంటికి ఏం కావాలన్నా కొనేది ఆమె, మోసేది నేను.

పూర్ణా మార్కెట్‌కి నడిచే వెళ్ళేవాళ్ళం. గేటు దాటుతూనే మా అత్త ముఖం మారిపోయేది. ముక్కు కొద్దిగా పైకి లేచేది, పెదవి ఓ పక్కకి వంకర తిరిగేది. లోకంలో కొనదగ్గ వస్తువు ఒక్కటీ లేదన్నట్టు నడిచేది. మూల గోనెపట్టా మీద మధురవాడ నుంచి మొదటి బస్సులో తట్ట దించుకునే వంకాయల మనిషి ఒకావిడ ఉండేది. మా అత్త నేరుగా ఆవిడ ముందుకు పోయి కూర్చునేది.

"ఏటే ఇవి? వంకాయలా, గచ్చకాయలా?"

"నీ పళ్ళకి అవే ఎక్కువలే అప్పా. ఎల్లు, ఎల్లు."

"ఎంతకిత్తావ్?"

"సెప్తే కొంతావా, నాలుగు తిట్లు తిట్టీసి ఎల్లిపోతావా?"

ధర చెప్పేది ఆవిడ. "ఓలమ్మో! నీ తట్ట మొత్తం కొంతాననుకున్నావేటే?" అని మా అత్త చీర కుచ్చెళ్ళు దులుపుకుని లేచేది. ఇక చూసుకోండి. బెండకాయల దగ్గర, దోసకాయల దగ్గర, ఆకుకూరల దగ్గర, ప్రతి తట్ట ముందూ కూర్చోవడం, ఏరడం, ఛీ అనడం, లేవడం. మార్కెట్టంతా అలా తిరిగి తిరిగి, ఎండ ముదిరాక, చివరికి మళ్ళీ ఆ మధురవాడ మనిషి దగ్గరికే వచ్చి, అక్కడే కొనేది. వస్తుందని ఆవిడకీ తెలుసు. మంచి కాయలు విడిగా ఏరి గోనెపట్టా కింద దాచి ఉంచేది. దాచినట్టు ఆవిడ ఒప్పుకోదు, దాచిందని మా అత్త ఒప్పుకోదు.

కొత్తలో నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. ఒకసారి మెల్లగా, "కాయలు బాగానే ఉన్నాయి కదత్తా?" అన్నాను, ఆ అమ్మేవాళ్ళ ముందే. దారి పొడుగునా తిట్టింది నన్ను. "నచ్చిందని మొగం మీద సూపిత్తావేటే? సగం బేరం మొగం మీదే పోద్ది. మొగం గోడలాగుండాల." ఆ సలహా బజారులో నాకు పెద్దగా పనికిరాలేదు కానీ, మా ఆయన బంధువుల పెళ్ళిళ్ళలో బ్రహ్మాండంగా పనికొచ్చింది.

ఒక్క నిజం కూడా చెప్పాలి. ఇంత ఏరి, ఇంత తిట్టి, మా అత్త తెచ్చిన వంకాయల్లో పుచ్చులు తక్కువేమీ కాదు. కోస్తే పురుగు కనిపించేది. "పురుగు తినగలిగిన కాయే మనిసి తినాల" అని అప్పటికప్పుడు ఒక శాస్త్రం చెప్పేది. ఆమె పనితనమంతా ఏరడంలో లేదండీ, ఛీ అనడంలో ఉంది. ఆ ఛీ అనడం కోసమే ఆమె పొద్దున్నే లేచి తల దువ్వుకునేది.

తిట్టడం అయ్యాక కొసరు. తూకం అయిపోయాక తక్కెడ దించుతుంటే సంచి మూతి తెరిచి పట్టుకుని కదలకుండా నిలబడేది. అడగదు. ఊరికే నిలబడుతుంది, అంతే. అమ్మేవాళ్ళు గొణుగుతూ ఓ రెండు కాయలో, గుప్పెడు పచ్చిమిరపకాయలో, కరివేపాకు రెబ్బో విసిరేవాళ్ళు. విసిరేదాకా కదలదు. "ఎందుకత్తా, ఆ రెండు మిరపకాయలు మనకి లేవా?" అంటే నా వంక జాలిగా చూసేది. "కొసరెయ్యనోడి కాడ కొనకూడదే. ఆడికి మనం రేపు రావాలని నేదు." ఆమె చెప్పిన మాటల్లో తిట్టు కాని మాట అదొక్కటే, అందుకే గుర్తుంది.

ఎనభైలు వచ్చేసరికి ఊరికి కొత్త డబ్బు పట్టింది. స్టీలు ప్లాంటు పనులు, కాంట్రాక్టులు, గాజువాక వైపు స్థలాల బేరాలు. మనుషులకి ఒళ్ళు తెలియడం మానేసింది. మా వీధి మూల కిరాణా కొట్టు మూతపడి, ఆ గదిలో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం వచ్చింది. పప్పూ ఉప్పూ దొరికిన చోట గోడ నిండా మీసాల హీరోల బొమ్మలు. జంక్షన్‌లో గాజు తలుపుల పెద్ద కొట్టు తెరిచారు. అందులో ఎవరికి కావలసింది వాళ్ళే తీసుకోవాలట. అబ్బో, ఆ వైభోగం చూడాలి! శేరు కందిపప్పుకి పట్టుచీర కట్టుకుని, పౌడరు అద్దుకుని బయల్దేరిన ఆడవాళ్ళని నా కళ్ళతో చూశాను. ఆ కొట్టు పేరున్న ప్లాస్టిక్ కవరు పట్టుకుని వీధంతా తెలిసేలా నెమ్మదిగా నడిచేవాళ్ళు. సామాను అయిపోయాక కూడా కవరు మడిచి బీరువాలో దాచుకునేవాళ్ళు. మా పక్కవాటా ఆవిడైతే చుట్టాల ఇంటికి చీర తీసుకెళ్ళినా ఆ కవరులోనే. ఆ కొట్టు ఇప్పటికీ ఉంది. బాగా నడుస్తోందట. నడవనీ.

మా ఆయనకీ ఆ పిచ్చి పట్టింది. ఒక ఆదివారం సాయంత్రం మా ఇద్దర్నీ అక్కడికి తీసుకెళ్ళాడు. లోపల చల్లగా ఉంది, ట్యూబులైట్ల వెలుగు. అరల నిండా పొట్లాలు, మూతి అతికించినవి. మా అత్త చుట్టూ చూసింది. తిట్టడానికి ఒక్క మనిషి లేడు.

"కొట్టోడేడ్రా?"

"ఇక్కడ ఎవరూ ఇవ్వరమ్మా. మనమే తీసుకోవాలి."

"మనమే తీసుకుంటే ఆడేటి సేత్తాడు?"

"డబ్బులు తీసుకుంటాడు."

"అదొక్కటీ బాగా నేర్సుకున్నాడు" అంది.

అక్కడిదాకా బాగానే ఉంది. పప్పు పొట్లం, బెల్లం పొట్లం తీసుకుని బల్ల దగ్గరికి వచ్చాం. మెడకి టై కట్టుకున్న కుర్రాడొకడు బిల్లు కొట్టి, పొట్లాలు సంచిలో వేశాడు. మా ఆయన డబ్బు ఇచ్చేశాడు. అయిపోయింది కదా, పదండి అంటే మా అత్త కదల్లేదు. ఖాకీ సంచి మూతి తెరిచి పట్టుకుని నిలబడింది. వెనక మనుషులు ఆగిపోయారు.

"ఇంకేం కావాలి మామ్మగారూ?"

"కొసరెయ్యి నాయనా."

జీవితంలో మొదటిసారి నోరు తెరిచి అడిగింది. వాడికి అర్థం కాలేదేమో అనుకుంది కాబోలు. అర్థం అయ్యాక వాడు నవ్వాడు. పక్కవాడికి చెప్పాడు, వాడూ నవ్వాడు. వెనక వరసలో నిలబడ్డ ఒక పట్టుచీర, "పాపం, ముసలావిడ. ఏదో ఒకటి ఇచ్చి పంపించండి" అంది. వాడు సీసాలోంచి ఒక చాక్లెట్ బిళ్ళ తీసి సంచిలో పడేశాడు. "ఇదిగో మామ్మగారూ, కొసరు!"

మా అత్త సంచిలో చెయ్యి పెట్టి, వెతికి, ఆ బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. ఏమీ అనలేదు. అనకపోవడం చూసే నాకు భయమేసింది. ఆమెను ఇంతకాలం ఎవరెవరు ఏమేం అన్నారో నాకు తెలుసు. గయ్యాళి అన్నారు, పిసినారి అన్నారు, ముసలి దయ్యం అన్నారు. అవన్నీ పూలహారాల్లా వేసుకుని తిరిగింది. పాపం అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ సమయంలో మా ఆయన ఏం చేస్తున్నాడని అడగండి. గోడకున్న బిస్కెట్ల బొమ్మని శ్రద్ధగా చూస్తున్నాడు. ఈ మాట నేను ఆయన్ని నా ఆఖరి శ్వాస దాకా దెప్పుతాను.

మర్నాడు సంచి మేకుకి తగిలించి, "నాకు కాళ్ళు లాగేత్తన్నాయి. నువ్వెల్లిపో" అంది. ఆ మర్నాడూ అదే మాట. తర్వాత ఆ మాట కూడా లేదు. వరండాలో బల్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూసేది, ఎవర్నీ ఏమీ అనేది కాదు. వీధిలో వాళ్ళు సంబరపడిపోయారు. "మీ అత్తగారు ఎంత మెత్తబడిపోయారండీ!" మా ఆయనైతే, "అమ్మ మారిందే, చూశావా, ఎంత శాంతంగా ఉందో" అని మురిసిపోయాడు. నిన్న వరండాలో ఏడ్చిన శాంతమూర్తి భక్తులంతా ఆ నెలల్లో తయారైనవాళ్ళే. మనిషి ఆరిపోతుంటే చల్లబడిందని సంతోషించే జనాన్ని ఏమనాలి?

"కూర ఎలా ఉందత్తా?" అని అడిగాను ఒకరోజు.

"బాగుంది."

 కాపురానికి వచ్చిన నాటి నుంచి నా వంట బాగుందని ఆ నోట వినలేదు. వినాలని మొదట్లో ఎంత తపించానో! తీరా అన్నాక వద్దనిపించింది. మర్నాడు కావాలనే చేపల పులుసులో రెట్టింపు ఉప్పు వేశాను. మా ఆయన ఒక్క ముద్ద పెట్టుకుని ఉమ్మేశాడు. ఆమె వంచిన తల ఎత్తకుండా కంచం ఖాళీ చేసింది. "బాగుందే" అంది. ఆ సాయంత్రం పెరట్లో నిలబడి ఏడ్చాను. ఈ ముసల్ది ఇలాగే తింటూ, ఇలాగే బాగుందంటూ, ఒక పూట నిశ్శబ్దంగా వెళ్ళిపోతుందని నాకు స్పష్టంగా తెలిసిపోయింది.

మా ఆయనకి చెప్పి లాభం లేదు. ఆయన డ్యూటీకి వెళ్ళాక రిక్షా పిలిచి, "డాక్టరు దగ్గరికి పద" అన్నాను. ఎందుకని అడగకుండా ఎక్కి కూర్చుంది. రిక్షా పూర్ణా మార్కెట్ దగ్గర ఆగితే, "డాకటేరు ఈడుంతాడేటి?" అంది. "ఇక్కడే ఉంటుంది, దిగు" అన్నాను.

చెయ్యి పట్టుకుని నడిపించాను. బొమ్మలా నడిచింది. మూల గోనెపట్టా దగ్గరికి వచ్చేసరికి మధురవాడ మనిషి తలెత్తి చూసింది. అప్పుడు గానీ నాకు తట్టలేదు. మా అత్త సగానికి సగం అయిపోయి ఉంది. జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. ఆవిడ గనక ఇప్పుడు "అయ్యో అప్పా, ఎలాగైపోయావు, పాపం" అందంటే ఇక ఈ మనిషిని మళ్ళీ లేపడం దేవుడి తరం కూడా కాదు. వద్దని సైగ చేద్దామన్నా ఆవిడ నా వంక చూడ్డం లేదు. పైనుంచి కిందిదాకా మా అత్తనే చూస్తోంది. చేతిలో వంకాయ అలాగే ఉంది.

"ఓలమ్మో!" అంది చివరికి. "సచ్చీసావనుకొని సుకంగా ఉన్నాను గదే! మళ్ళీ దాపురించీసినావేటి నా పానానికి?"

పక్క తట్టల వాళ్ళు తిరిగి చూశారు. మా అత్త నెమ్మదిగా వంగి, మోకాలు పట్టుకుని, గోనెపట్టా ముందు కూర్చుంది. ఒక కాయ తీసింది. బొటనవేలితో నొక్కింది. తొడిమ తిప్పి చూసింది. పెదవి, ఆ పెదవి, ఓ పక్కకి లాక్కుంటూ వంకర తిరిగింది.

"నాను సస్తే నీ పుచ్చుకాయలు ఎవుర్తి కొంతాదే?"

"శానామంది కొంతన్నారు. కార్లేసుకొని వత్తన్నారు. నీలాగ ఏరరు, నోరెత్తరు. ఎంతంటే అంత పారేసి ఎల్తన్నారు."

"ఆళ్ళకి కళ్ళు నేవు, నీకు సిగ్గు నేదు! ఇదేటే? ఇది కాయేనేటి? గొడ్డుకేసినా మొగం తిప్పుకుంతాది!"

"ఏరకు! ఇన్నాళ్ళు రానందుకు నువ్వే నాకెయ్యాలి కొసరు!"

ఇద్దరి గొంతులూ లేచాయి. మనుషులు గుమిగూడారు. ఎవరో విడదీయబోతే నేనే ఆపాను. గోనెపట్టా కింద నుంచి ఏరి దాచిన కాయలు బయటికి రావడం, వాటిని కూడా ఛీ అనడం, తక్కెడ ఎత్తడం, దించడం అన్నీ అయ్యాక మా అత్త నా వైపు తిరిగింది. కళ్ళు మండిపోతున్నాయి.

"అలా గుడ్లప్పగించి సూత్తావేటే? ఇన్నాళ్ళూ నువ్వొండిన గడ్డి తిన్నాను, పల్లకున్నాను. ఇంక తిన్ను. సంచట్టుకో!"

అంతమంది మధ్య, అన్నేళ్ళ కాపురంలో అంత కమ్మటి మాట నేను ఎవరి నోటా వినలేదు. ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, సంచి పట్టుకున్నాను. రిక్షా వద్దంది. నడుస్తానంది. ఎంత చెప్పినా వినలేదు.

ఆ తర్వాత ఆమె ఇంకా బతికింది, ఎవర్నీ వదిలిపెట్టకుండా బతికింది; ఆ భక్తులకి మాత్రం ఆ నోరు మూసుకున్న నెలలే గుర్తుండిపోయాయి. కానీ నాకు ఇప్పుడు కళ్ళు మూసుకుంటే కనిపించేది ఆ రోజే. మెయిన్ రోడ్డు మీద ఎండ. పోర్టు వైపు పోయే లారీలు ఒకదాని వెనక ఒకటి హారన్లు కొడుతూ రోడ్డంతా దద్దరిల్లిస్తున్నాయి. మా అత్త నాకు ఎన్నో అడుగుల ముందు, వెనక్కి చూడకుండా, ఒక్కో కొట్టు ముందూ ఆగి, బయట పెట్టిన బకెట్నీ, చాపనీ, చెప్పుల జతనీ ఎగాదిగా చూసి, ఏదో అని, మళ్ళీ నడుస్తోంది. ఆ రొదలో ఒక్క మాటా నాకు వినపడడం లేదు. ఆమె కుడిచెయ్యి మాత్రం భుజం పైకి లేచి, ఛీ పో అన్నట్టు గాలిని వెనక్కి నెడుతూనే ఉంది.