టెంకాయ కొట్టిన పంపు

నేను కర్నూలులో ఒక కాంట్రాక్టు కంపెనీలో రిపోర్టులు రాసేవాణ్ణి. కోడుమూరు దిక్కు పల్లెలకు తాగునీటి పైపులు వేసే పని మాది. నేను ఒక్క పైపు కూడా వేయలేదు. వేసినవాళ్లు ఏం వేశారో ప్రతి సోమవారం రెండు పేజీల్లో రాసి, జిల్లా అధికారులకూ మా పెద్దసారుకూ పంపడమే నా ఉద్యోగం. ప్రతి పని పక్కన ఒక గడి ఉండేది. పని పూర్తయితే పచ్చ, సాగుతుంటే పసుపు, ఆగిపోతే ఎరుపు. మూడేళ్లలో ఎరుపు వాడిన గుర్తు లేదు. ఆ రంగు అసలు పనిచేస్తుందో లేదో కూడా తెలియదు.

సైటు సూపర్‌వైజరు ఫోనులో చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. ఒక వేసవిలో, ఓ సోమవారం ఒక పల్లె పేరు చెప్పి, "ఆ ఊరి పంపు అయిపోయిందన్నా, పచ్చ పెట్టేయి" అన్నాడు. పెట్టేశాను. తర్వాత టీ తాగాను.

పదిరోజులకు ఆ ఊరి సర్పంచి మా ఆఫీసుకు వచ్చింది. యాభై దాటిన మనిషి. చేతిలో నా రిపోర్టు నకలు ఉంది. నా రాతను అంత జాగ్రత్తగా మడిచి పెట్టుకున్నవాళ్లను నేను అంతకుముందు చూడలేదు.

"ఏమప్పా, ఇది రాసింది నువ్వేనా?"

"నేనేమ్మా."

"మా ఊరికి నీళ్లు వచ్చినాయని రాసినావంట. మాకు గూడా ఒక మాట చెప్పింటే బిందెలు తెచ్చుకుంటాంటిమి గదా."

పచ్చ గడి చూసి అధికారులు ఆ ఊరికి పోయే నీళ్ల ట్యాంకరు ఆపేశారు. నాలుగు రోజులుగా ఊరంతా ఒక చేనిలోని బోరు మీద బతుకుతోంది. ఆ బోరు కూడా నీళ్లకంటే గాలే ఎక్కువ పోస్తోందట.

సూపర్‌వైజరుకు ఫోను చేశాను.

"పంపు నడుస్తోందా?"

"యాడ నడుస్తాదన్నా, కరెంటు లైనే రాలే."

"మరి అయిపోయిందంటివి?"

"పూజ అయిపోయింది గదన్నా. శుక్రవారం మంచి గడియ ఉండాదని పెద్దసారే చెప్పె. టెంకాయ కొట్టినాం, బొట్టు పెట్టినాం. ఫోటో గూడా పంపితి."

ఫోటో తీసి చూశాను. పంపు మెడలో బంతిపూల దండ ఉంది. వెనకాల స్తంభం ఉంది, దానికి తీగ లేదు. పచ్చ పెట్టే ముందు నేను చూసింది దండనే. మా దగ్గర మంచి గడియ కరెంటు కోసం ఆగదు. పూజ జరిగిన పనిని పూర్తి కాలేదని రాయడానికి ఎవరికీ చెయ్యి రాదు.

ఆమె పక్కనే నిలబడి ఫోటో చూసింది. "ఆ టెంకాయ ముక్కలు మేమూ తింటిమిలే" అంది. "దాంతోనే దప్పిక తీరాలని ఎవురూ చెప్పలే."

పెద్దసారు గదిలోకి వెళ్లి సంగతి చెప్పాను. ఆయన కాగితాల మీంచి తలెత్తలేదు. "ఎరుపు పెడితే పైనుంచి అడుగుతారప్పా. పసుపు పెట్టు. చివరి దశలో ఉందని రాయి."

బయటికి వస్తే ఆమె నా కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది.

"పసుపు పెడితే ట్యాంకరు వస్తాదా?"

గదికీ నా కుర్చీకీ మధ్య గోడ పలచనిది.

"రాదమ్మా."

ఆమె స్టూలు మీంచి లేవలేదు.

ఆ రోజు సోమవారం కాదు. అయినా రాశాను. పంపు బిగించాం. కరెంటు లేదు. నీళ్లు రావడం లేదు. పోయినసారి నేను పూర్తయిందని రాసింది తప్పు. ట్యాంకరు వెంటనే పంపాలి. మూడేళ్లలో నేను రాసిన రిపోర్టుల్లో అదే చిన్నది. గడిలో ఎరుపు పెట్టాను. పనిచేసింది. పంపేటప్పుడు భయమో గర్వమో కలగాలి. ఏదీ కలగలేదు. ఏసీ చప్పుడు మాత్రం వినిపించింది.

పెద్దసారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అంతకుముందు కూడా పెద్దగా మాట్లాడింది లేదు.

రిపోర్టు పంపిన మరుసటి రోజు మధ్యాహ్నం ఆమె ఫోను చేసింది.

"ట్యాంకరు వచ్చిందప్పా."

"మంచిదమ్మా."

"సగమే ఉండాది."

ఆ తర్వాతి సోమవారం రిపోర్టులో ట్యాంకరుకు కొత్తగా ఒక గడి గీశాను. పసుపు పెట్టాను.