రెండు బారల రీలు

ఆషాఢ అమావాస్య, ఆదివారం, సాయంత్రం నాలుగున్నర. ఆ పూట నేను చేసిన పనిని నలభై ఏళ్లకు పైగా మోస్తున్నాను. బరువు అంటారు గాని, ఆ బరువు నాకు తెలియడం కూడా మానేసింది. మొద్దుబారిన వేలికి సూది గుచ్చినట్టు. గుచ్చిందని కంటికి కనబడుతుంది, అంతే.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెబుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. అంతకు ముందు, రాయడం రాదు కదా అని ఒక సాకు ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

కాశిబుగ్గలో ఒక షెడ్డులో సాంచాలు నడిపేవాణ్ణి. కరెంటుతో నడిచే మగ్గాలను మేము సాంచాలు అంటాము. అమావాస్య నాడు మా నేతవాళ్లు మగ్గం ముట్టరు. షెడ్డు ఖాళీగా ఉంటుంది, కరెంటు ఉంటుంది. సావుకారిని బతిమాలి ముగ్గురు కాలేజీ పిల్లలు ఆ ఒక్క రోజు అక్కడ వాయించుకునేవారు. గిటారు విజయ్‌ది. కాజీపేట రైల్వే క్వార్టర్ల పిల్లాడు. డ్రమ్ములు యాకూబ్‌వి. సమ్మయ్య ఏటూరునాగారం నుంచి హాస్టలుకు వచ్చినవాడు, వెదురు పిల్లనగ్రోవి ఊదేవాడు. తాము వాయించేది ప్రోగ్రెసివ్ రాక్ అని విజయ్ చెప్పేవాడు. నాకు తెలిసిందల్లా, ఒక్క పాటే అరగంట సాగేది, మధ్యలో దరువు మారిపోయేది.

"గిదేం పాటరా అయ్యా, బట్ట తాను లెక్క పొడుగుంది" అన్నానొకసారి.

"నీకు మీటర్లల్ల కోసిస్తం తియ్యే అన్నా" అన్నాడు యాకూబ్.

విజయ్ వాళ్ల నాన్నది పెద్ద చక్రాల టేపు రికార్డరు ఒకటి ఉండేది. ఏ మీట నొక్కాలో నాకు చూపించారు. పాట మొదలైతే నేను నొక్కాలి, అయిపోతే ఆపాలి. రీళ్లు కూడా షెడ్డులో నా దగ్గరే ఉండేవి. సాంచా కాకుండా ఇంకొక యంత్రాన్ని నా చేతికి ఇచ్చినవాళ్లు వాళ్లే.

ఆ రోజు రేకుల మీద వాన. పాట మధ్యలో గిటారు, డ్రమ్ములు ఆగిపోయి సమ్మయ్య ఒక్కడే ఊదాడు. అర నిమిషం ఉంటుందేమో. ఆ ముక్క పాటలో వద్దని విజయ్ అంతకు ముందు వాదించేవాడు, ఉండాలని సమ్మయ్య. వాయించడం అయ్యాక అందరూ చాయ్ తాగడానికి పోయారు. నాకు ఆ పిల్లనగ్రోవి మళ్లీ వినాలనిపించింది. అడగకుండా చక్రం వెనక్కి తిప్పాను. చక్రం జారి కింద పడింది. ఊడివచ్చిన రీలు, సరిగ్గా సమ్మయ్య ఊదిన చోటే, సాంచా కిందికి పోయి గ్రీజులో మునిగింది.

అప్పుడు నా చేతులు వాటికి తెలిసిన పని చేశాయి. పోగు చెడిపోతే చెడినంత మేర కోసేసి రెండు కొసలూ కలుపుతాము. బట్టలో ఎవరికీ కనబడదు. రెండు బారల రీలు కోశాను. తానులకు చీటీలు అంటించే జిగురుతో కొసలు అంటించాను. ముక్కను వేస్టు నూలు సంచిలో పడేశాను. పోయింది నూలు కాదనీ, ఇంకొకటి పెట్టి నేయలేమనీ ఆ నిమిషాన తోచలేదా? తోచింది. మీ దగ్గర దాచను.

తర్వాతి వారం విజయ్ ఆ రీలును హైదరాబాద్‌లో ఎవరికో వినిపించడానికి పట్టుకుపోయాడు. అది తిరిగి వచ్చాక సమ్మయ్య విన్నాడు. తను ఊదింది లేదు. నేరుగా నా సాంచా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, టేపు నీ దగ్గర్నే ఉండె గదా. విజయ్ గాడు పట్టుకపోయిండా?"

"పోయిన వారం పట్టుకపోయిండు తమ్మీ."

"నేనూదింది వాడే కోసిండా?"

"నాకేం ఎరుక."

సాంచా ఆపకుండానే ఈ మాటలన్నాను. మొదటిది అబద్ధం కాదు. అందుకే అంత బాగా నాటుకుంది. తను కోయలేదని విజయ్ ఒట్టు పెట్టుకున్నాడట. సమ్మయ్య నమ్మలేదు. మరుసటి అమావాస్యకు ఎవరూ రాలేదు. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు. రెండేళ్ల కింద విజయ్ పోతే, సమ్మయ్య బతికే ఉండి మట్టి పెట్టడానికి కూడా పోలేదు.

ఒప్పుకుంటే ఏమయ్యేది? తిట్టేవారు. టేపు రికార్డరు ముట్టనిచ్చేవారు కాదు. దానికేనా? దానికే. ఇంకా పెద్ద కారణం ఉంటుందేమోనని ఎన్నో ఏళ్లు నాలో నేను వెతుక్కున్నాను. దొరకలేదు.

మొన్న సమ్మయ్య బిడ్డ రజిత వచ్చింది. విజయ్ భార్య ఇచ్చిన రీళ్లను శుభ్రం చేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నదట. ఏది ఏ రోజుదో చెప్పమంది. అన్నీ అమావాస్యలే కాబట్టి అది తేలికే. వెనక పటాకులు వినబడితే దీపావళి. వీధిలోంచి బతుకమ్మ పాట వస్తే పెత్రమాస, అదే పెద్దల అమావాస్య. వాన రీలు దగ్గర ఆమె ఆపింది.

"పెద్దబాపూ, ఈడ అతుకున్నది. అతుకుకు ముందు వాన జోరుగున్నది, తర్వాత సన్నగైంది. రెండు వేరే వేరే రోజులయా?"

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. "వేరే రోజులే బిడ్డా" అన్నాను.

ఆమె రాసుకుంది. "అంటే ఆ రోజు బాపు ఊదనే లేదేమో. ఉత్తగనే అనుమానపడ్డడు" అంది. కోపం లేదు ఆ గొంతులో. తండ్రి మీద జాలి ఉంది. సమ్మయ్యకు మిగిలింది ఆ అర నిమిషం జ్ఞాపకమే. దాన్ని కూడా ఇప్పుడు కోశాను.

రజితకూ ఇదే కాగితం పంపుతున్నాను. క్షమించమని అడగడం లేదు. సమ్మయ్య ఏమంటాడో తెలియదు, ఏమన్నా పడతాను. రాస్తుంటే చేయి నొప్పి పుట్టింది. నొప్పి తెలిసింది, అది చాలు.

ఇంకొక మాట కూడా దాచాను. ఆ రోజు చాయ్‌కు పోతూ విజయ్ గుమ్మం దగ్గర ఆగి నాతో మెల్లగా అన్నాడు: "సమ్మయ్య ఊదింది మస్తుందే అన్నా. గది ఉంచుదం. వానికి ఇప్పుడే చెప్పకు, తలకెక్కుతది." చెప్పలేదు. ఇన్నేళ్లూ చెప్పలేదు.

రజితా, నువ్వు రాసుకున్నది కొట్టేయి. అతుకుకు ముందుదీ తర్వాతదీ ఒకే రోజువి, ఒకే పాటవి. ఆ ఆషాఢ అమావాస్య నాడు షెడ్డులో ఉన్నవాళ్లు: గిటారు మీద విజయ్, డ్రమ్ముల మీద యాకూబ్, పిల్లనగ్రోవి మీద మీ బాపు సమ్మయ్య, టేపు దగ్గర నేను.